పంపామన్నారు, అందిందనలేదు

త్రిపురారం దగ్గరి తండాలో పార్వతి నోటికి ఎదురు నిలిచేవాళ్లు తక్కువ. ఆమె మొగుడు మంగ్త్యా నేవీలో, జలాంతర్గామిలో రేడియో ఆపరేటరు. నెలల తరబడి నీళ్ల కింద ఉండే మనిషితో కాపురం చేయాలంటే ఆ మాత్రం నోరుండాల్సిందేనని అత్త ద్వాళి కోడల్ని వెనకేసుకొచ్చేది.

తొంభై ఏడు ఎండాకాలంలో ఆ ద్వాళి వడదెబ్బకు పొలంలో కూలబడింది. మిర్యాలగూడ దవాఖానకు చేర్చేలోపే పోయింది. మరిది సక్రుతో శవాన్ని తండాకు పంపి, పార్వతి బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి విశాఖలోని నేవీ ఆఫీసుకు ఫోన్ కలిపించింది. అక్కడి గుమాస్తా వివరాలు రాసుకుని, కాసేపాగి మళ్లీ చేయమన్నాడు. చేసింది.

“వార్త పంపామమ్మా.”

“ఆయనకు అందిందా?”

“పంపామండి. లోపలున్నవాళ్లు వింటారంతే, జవాబివ్వరు. తిరిగొచ్చాకే తెలుస్తుంది.”

“సచ్చిపోయింది ఆయన కన్నతల్లి! శవాన్ని రేపటిదాంక ఆపుతం. వస్తడో రాడో, గదొక్క మాట చెప్పుండ్రి!”

గుమాస్తా ఏమీ చేయలేనన్నాడు. పార్వతి రిసీవర్‌ను విసిరికొట్టింది. బూత్‌వాడు అరిస్తే, అంతకు రెట్టింపు అరిచి బయటపడింది.

మర్నాడు సాయంత్రం దాకా చూశారు. శవం చుట్టూ పేర్చిన ఐసు కరిగిపోయింది. సక్రు వదిన మీద విరుచుకుపడ్డాడు.

“ఓడల్ల శాటిలైట్ ఫోన్లు పెట్టిన్రని అన్న గొప్పలు చెప్పె. గిప్పుడేమాయె? నువ్వే సక్కగ చెప్పి ఉండవ్.”

“నోరు మూస్కొని కట్టెలు పేర్వు!” అంది పార్వతి. చితికి సక్రే నిప్పు పెట్టాడు.

నెల దాటాక మంగ్త్యా వచ్చాడు. పార్వతి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

“నీకెప్పుడు తెల్సింది?”

“గా దినమే. డ్యూటీల నేనే ఉన్న. వార్త నా చేతులతోనే రాసుకున్న.”

అందలేదంటే బాగుండునని ఇన్నాళ్లూ కోరుకుంది. ఆ ఆశ కాస్తా పోయేసరికి ఒళ్లంతా మండిపోయింది.

“తెల్సి సుత పలకలే!”

“శాటిలైట్‌తోని మాట్లాడాల్నంటే నీళ్ల మీదికి యాంటెనా ఎత్తాలె. మాట బయటికి పోయిందంటే మేమేడున్నమో పొంచి వినేటోళ్లకు తెలిసిపోతది.”

“ఏ లడాయి నడుస్తున్నది? ఎవడు కాసుకొని కూసున్నడు నీకోసం?”

“నేనడగలేదనుకుంటున్నవా?” మంగ్త్యా గొంతు లేచింది. “కెప్టెన్ కాళ్లు పట్టుకున్న. కాదన్నరు. చప్పుడు బయటికి పోవద్దంటే గుడ్డ నోట్లె కుక్కుకొని ఏడ్సిన. ఇంకేం చెయ్యమంటవ్?”

ఆమె కోపం చల్లారలేదు గానీ అతని మీది నుంచి పక్కకు మళ్లింది. వెళ్లి సక్రును రెక్క పట్టి లాక్కొచ్చి, అంతా అన్న నోటనే వినిపించింది. సక్రు విని, “మనల్ని కన్న యాడి కన్నా నీకు రూలే ఎక్కువాయె” అని తల్లిని తలుచుకుంటూ వెళ్లిపోయాడు.

“ఇగ నీ బదులు ఈడ మాటలు పడుడు నాతోని కాదు,” అని పార్వతి మొగుడి వెంట విశాఖకు బయలుదేరింది. క్వార్టర్లలో కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు ఆమె చెప్పేది ఒకటే: “వాళ్లు ఇంటరు, చెప్పరు. ఇంటికొచ్చినంక మాత్రం ఇడిసిపెట్టకుండ్రి.”

తొంభై తొమ్మిదిలో సర్వీసు పొడిగిస్తామన్నారు. మంగ్త్యా నోరు తెరవకముందే పార్వతి వద్దంది. తండాకు తిరిగొచ్చి వరి వేశారు. సక్రు పొలం పక్కనే. కాలువ నీళ్ల దగ్గర వదినా మరిది రోజూ ఒకరినొకరు తిట్టుకుంటారు. అన్నదమ్ములు మాత్రం మాట్లాడుకోరు.