గేదె గొంతులో తాటిటెంక

తెల్లదొరలు వెళ్లిపోయిన కొత్తలు. ఆ శ్రావణంలో గోదారి పొంగి మా లంకంతా మునిగింది. మిగిలింది ఒక్క మెరక దిబ్బ. దాని మీద మేము, మా గొడ్లు, ఎక్కడినుంచో ఈదుకొచ్చిన నాలుగు నక్కలు. మూడు రోజులు ఎవరికీ కదిలే చోటు లేదు. అందులో ఒక నక్క తూలుతూ వచ్చి మా గేదె మూతి కరిచింది. మా ఆయన కర్రతో తోలేశాడు. చిన్న గాటు, పసుపు అద్దాను. నీళ్లు తీశాక ఆ సంగతే మరిచిపోయాం.

భాద్రపదం చివర గేదె మేత మానేసింది. నోటినిండా చొంగ, గొంతు సాగదీసి ఒకటే అరుపు. తాటిపళ్లు రాలే రోజులు. పండు తింటుంటే టెంక గొంతుకు అడ్డం పడడం మామూలే.

"ఏవండీ, టెంకేనండి. చెయ్యెట్టి లాగండి," అన్నాను, నేనే.

"ఇది కొరికిందంటే రేపట్నించి కాయలు నువ్వే ఒలవాలి," అని నవ్వాడు.

ఆయనది కొబ్బరికాయలు ఒలిచే పని. గునపం గాట్లు లేని రోజు ఆ చేతికి లేదు. మోచేతిదాకా పెట్టి వెతికాడు. టెంక లేదు. చొంగ కారుతున్న ఆ చేతిని నేనే కడిగాను. మూడోనాడు గేదె చచ్చిపోయింది.

పక్కింటి పెద్దాయన వచ్చాడు. "నక్క కరిసిందన్నారు కదా. అది పిచ్చిదేమోరా. అమలాపురం ఆస్పత్రికెళ్లి బొడ్డు చుట్టూ సూదులేయించుకో."

"గేదె నన్ను కరవలేదు కదండీ బాబాయిగారూ!"

"ఆయ్, అదీ నిజవే."

నాకూ నిజమే అనిపించింది. గాటుకు చొంగ తగిలితే చాలని మాకెవరికి తెలుసు?

అయినా భయం పోలేదు. రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లిచ్చి, గుటక దిగేదాకా ఆయన గొంతుకేసి చూసేదాన్ని. "ఏంటే ఆ చూపు, కొత్త పెళ్లికూతుర్లాగా," అనేవాడు.

కార్తీకంలో ఒక పొద్దున ఆ చెంబు విసిరికొట్టాడు. నీళ్ల చప్పుడుకే మెడ బిగుసుకుపోయింది. మగవాళ్లు వచ్చి ఆయన్ని గదిలో పెట్టి బయట గడియ వేశారు. నేను తలుపుకు ఆనుకుని కూచున్నాను.

"నువ్వు లోపలికి రాకే. కరిసేస్తానేమో," అన్నాడు.

నాలుగోరోజుకు ఆ మాటా వినపడలేదు.

తరువాత నన్ను మూల కూచోబెట్టారు. చుట్టాలొచ్చి ఏడ్చి వెళ్లారు. ఆ చేతిని కడిగింది నేనని ఎవరికీ చెప్పలేదు. కొబ్బరిపీచు తాళ్లు పేని పేని నా వేళ్లూ పగిలే ఉండేవి. చెబితే ఆ గడియ నాకూ వేస్తారు. అందరూ లేవకముందే ఒక గుక్క నీళ్లు తాగి, దిగిందో లేదో చూసుకునేదాన్ని.

ఇన్నేళ్లయింది. ఇప్పటికీ పొద్దున మొదటి గుక్క నోట్లోనే కాసేపు ఆపి, అప్పుడు మింగుతాను.