మన్సూరాబాద్ టవర్ ఎందుకు ఆగింది

2011, సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా సెల్ టవర్ల నిర్వహణను ఒక కాంట్రాక్టరు తరఫున నేను చూసేవాణ్ణి. బొగ్గు కార్మికులూ సమ్మెలో ఉండటంతో గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. అయినా ఫోన్లు మోగేవి. కరెంటు పోగానే టవర్ భారం బ్యాటరీ బ్యాంక్ మీద, అంటే వరుసగా కలిపిన ఇరవై నాలుగు సెల్స్ మీద పడుతుంది. ఆ తర్వాత జనరేటర్ అందుకుంటుంది. డీజిల్ అయిపోతే మళ్ళీ బ్యాటరీలే, మేం డబ్బాలతో చేరేదాకా. సరిగా చూసుకుంటే ఈ ఏర్పాటుకు ఇప్పటికీ తిరుగులేదు.

ఒకరోజు మన్సూరాబాద్ టవర్‌లో డీజిల్ అయిపోయింది. బ్యాటరీలు నాలుగు గంటలు లాగుతాయన్న ధీమాతో ముందు చైతన్యపురిలో డీజిల్ పోసి, తీరిగ్గా బయలుదేరాను. ఎల్బీనగర్‌లో రాస్తారోకో. మా దగ్గరే డీజిల్ పోసే శ్రీశైలం సెలవు పెట్టి అందులో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, వాళ్ళకు నచ్చజెప్పి, రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్ళ మీదుగా డబ్బా తానే మోశాడు.

"సమ్మె మాదే గని, ఫోన్ కలవకుంటే మా ఇంటామె నన్ను ఇంట్లకు రానియ్యది సార్" అని నవ్వాడు. పది నిమిషాల్లో నా బైకూ దాటింది.

నేను చేరేసరికి టవర్ ఆగి గంట దాటింది. ఒక సెల్ చచ్చిపోయి బ్యాంకు మొత్తాన్ని కిందికి లాగేసింది. కరెంటు తీసి బ్యాటరీల మీదే టవర్‌ను నడిపి, పాడైన సెల్‌ను ముందే పట్టుకోవడానికి ఒక్కో సెల్ వోల్టేజీ కొలవడాన్ని డిశ్చార్జ్ టెస్ట్ అంటారు. ఆ నెల అది చేయకుండానే, టిఫిన్ సెంటర్లో కూర్చుని అంకెలన్నీ రాసేశాను.

రిపోర్టులో "ఎల్బీనగర్‌లో ఆందోళనకారులు డీజిల్ ఆపారు" అని రాశాను. అప్పట్లో అందరూ నమ్మే మాట. శ్రీశైలం అక్కడ ఉన్నాడని మేనేజరుకు తెలిసి, అతన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు.

మర్నాడు శ్రీశైలం ఆఫీసు మెట్ల దగ్గర నన్ను ఆపాడు. "మీరు జూసిన్రు గద సార్. గా ఒక్క మాట చెప్పుండ్రి."

"చెప్తాలే, నువ్వు కంగారుపడకు" అన్నాను. చెప్పలేదు. వారంలో అతన్ని తీసేశారు. నేను చడీచప్పుడు లేకుండా సెల్ మార్పించాను.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు మీటరు ఫోటో పెట్టందే ఏ టెస్టుకూ సంతకం చేయను. అది నేర్చుకున్నది శ్రీశైలం ఉద్యోగం పోయాకే. ఆ రిపోర్టులో ఉండాల్సింది ఇది: బండిని ఎవరూ ఆపలేదు. డబ్బా మోసి దాటించింది శ్రీశైలం. టెస్టు చేయనిది నేను.