బూడిద గీతకు ఆవల

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఒళ్లు కాలుతోందేమో చూడండని కసిరేదాన్ని. ఇది రాస్తుంటే నా మీద నాకే చిరాకుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సాయుధ పోరాటం రోజులు. మానుకోట అవతలి అడవిలో మా దళానికి మందూ మాకూ చూసే పని నాది. మల్లేశం అనే దళ సభ్యుడికి నెలల తరబడి చలిజ్వరం. మనిషి ఎండుపుల్ల అయ్యాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ పుండు ఎంతకూ మానలేదు.

మాకు పని నేర్పిన డాక్టరు ఒకటే చెప్పేవాడు. సత్తువ పోయిన ఒంటికి మన చిన్న దగ్గు కూడా చావు తెస్తుందని. అందుకే మల్లేశం గుడిసె చుట్టూ బూడిదతో గీత గీశాను. గుడ్డలు ఉడకబెట్టి, చేతులు కుంకుడు నీళ్లతో కడుక్కుని, నేనొక్కదాన్నే దాటి లోపలికి వెళ్లేదాన్ని.

జనగామ దిక్కు పల్లె నుంచి వాళ్లమ్మ కబురందుకుని నడిచి వచ్చింది. వస్తూనే దగ్గింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"అవ్వా, గీత దాటకు. నీ దగ్గు మల్లేశానికి అంటుకుంటది," అన్నాను.

"జర నెత్తి దువ్వి వస్త బిడ్డా. ఎట్ల జడలు కట్టిందో చూడు."

వద్దన్నాను. ఆమె రెండు రోజులు గీత అవతలే కూర్చుని, ఇంటి దగ్గర బర్రె ఈనిన ముచ్చట కొడుక్కి చెబుతూ ఉంది. అతను అటే చూస్తూ పడుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది. కరిగిపోతే అతన్ని చంపింది నేనే అవుతానని బిగబట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున అతనికి గంజి పట్టి, గుడిసె ముందే పొయ్యి మీద గుడ్డలు ఉడకబెట్టాను. అవ్వ నా కళ్లెదుటే ఉంది. తిరిగి లోపలికి వెళ్లేసరికి మల్లేశం ప్రాణం పోయింది.

అతని జుట్టుకు నూనె రాసి ఉంది. చిక్కులు విడదీసి, పాపిట తీసి, నున్నగా దువ్వి ఉంది. గంజి పట్టినప్పుడు అది జడలు కట్టే ఉంది. మా దగ్గర నూనె చుక్క లేక వారాలైంది. బూడిద దగ్గర నా అడుగులు తప్ప ఇంకో గుర్తు లేదు.

అవ్వను లోపలికి పిలిచాను. ఇక ఆమె దగ్గు ఏం చేస్తుంది? ఆమె కొడుకు తల నిమిరి నిమిరి, చివరికి నా చేతులు పట్టుకుంది.

"నన్ను వద్దంటివి గాని, నువ్వే దువ్వినవా తల్లీ. సల్లగుండు బిడ్డా."

కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఆ తృప్తితోనే ఊరికి వెళ్లిపోయింది. ఎవరు దువ్వారో ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ దీవెన నాది కాదు, అది మాత్రం తెలుసు.