ప్రభుదాసుగారి చిరునామా

మా ఆవిడ చేసే గోంగూర పచ్చడి మీద ఒట్టు... ఇది జరిగింది. గోరంతని కొండంత చేసి చెబుతానని నాకు పేరుంది. ఈ ఒక్కటి మాత్రం తగ్గించే చెబుతున్నాను.

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులు. విజయవాడ గవర్నరుపేటలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆఫీసంటే మరీ పెద్ద మాట. ఒకడు ఆవలిస్తే పక్కవాడి చొక్కా ఎగిరేంత ఇరుకు.

ఆ రాత్రి అక్కడ ఉన్నది నేనూ, కొత్తగా చేరిన సలీమూ. పొద్దున్నే కంకిపాడు నుంచి రైస్‌మిల్లు ఆసామి వచ్చి మా ప్రోగ్రాము చూస్తాడు. అది నడిస్తే సలీమ్ ఉద్యోగం ఖాయం. నడవకపోతే ఇంటికే.

ప్రోగ్రాముకి కావలసిన వేరేవాళ్లు రాసిన ముక్కలన్నీ వెతికి తెచ్చిపెట్టే సాధనం ఒకటుంటుంది. పెళ్లివంటకి సరుకులు తెచ్చే మనిషనుకోండి. ఏ కొట్టుకి వెళ్లాలో సెట్టింగుల్లో మనం రాయాలి. మా సలీమ్, డిస్కులో జాగా లేదని, తెచ్చిన సరుకులున్న ఫోల్డరంతా చెరిపేశాడు. మళ్లీ వస్తాయిలే అనుకున్నాడు.

అప్పుడు పట్టుకుంది వాన... కృష్ణ బ్యారేజీ దూకి మా మెట్లెక్కుతుందేమో అన్నంత వాన. నెట్ పోయింది. ఇక కొట్లన్నీ మూసినట్టే.

“అయిపోయాను సార్. ఉద్యోగం ఖాయమని అమ్మీకి చెప్పేశాను కూడా.”

“ఏడవకయ్యా! ప్రభుదాసుగారి మిషనుంది కదా.”

ప్రభుదాసుగారు మా సీనియరు. ఆ వేసవిలోనే పోయారు. ఇంటర్నెట్టుని ఆయన బొత్తిగా నమ్మేవారు కాదు. వచ్చిన ప్రతి ముక్కకీ తన మిషన్లో ఒక కాపీ దాచేవారు. మా అందరి సెట్టింగుల్లోనూ ఆయన మిషను చిరునామాయే ఉండేది. ఎవరికేమిచ్చినా ఉంగరంతో బల్లమీద టక్ మని కొట్టి, “తీస్కోండి బాబూ,” అనడం ఆయన అలవాటు. ఆ మిషను మూలన, చర్చి క్యాలెండరు కింద, పువ్వుల గుడ్డ కప్పుకుని అలాగే ఉంది.

నేను చెబితే సలీమ్ ఆ చిరునామా రాశాడు. “ఆగు, ముందు దాన్ని ఆన్ చెయ్యనీ,” అని నేను లేచేలోపే ఎంటర్ కొట్టేశాడు.

ఒక ముక్క వచ్చింది.

టక్.

ఇంకొకటి... టక్.

“ఎవరో ఆన్ చేసే ఉంచారు సార్!” అన్నాడు, కళ్లు స్క్రీన్ మీంచి తిప్పకుండా.

అది వాన చప్పుడు కాదు. చెక్క మీద... ఉంగరం. నా వీపు మీది వెంట్రుకలన్నీ లేచి అటెన్షన్‌లో నిలబడ్డాయి. ముక్కకో టక్. తొందరేం లేదు. ఆఖరిది వచ్చింది. ప్రోగ్రాము లేచింది.

చప్పుడు ఆగింది.

ఆఫ్ చేద్దామని మూలకి వెళ్లి గుడ్డ ఎత్తాను. మిషను వెనక కరెంటు తీగ లేదు. నెట్‌వర్క్ తీగా లేదు. పెట్టె మీద చెయ్యి పెట్టాను...

వెచ్చగా ఉంది.

పొద్దున మిల్లు ఆసామి, “బాగుందండీ,” అన్నాడు. సలీమ్ గట్టెక్కాడు. నేను ఓనరుని పక్కకి లాగి ఆ మిషను సంగతి అడిగాను.

“అందులో డిస్కే లేదు కదండీ! పిల్లల ఫొటోలున్నాయంటే తీసి వాళ్లావిడగారికి ఇచ్చేశాం.”

ఇంకేదో మిషనుకి ఆ చిరునామా తగులుకుని ఉంటుందన్నారు తెలిసినవాళ్లు. ఉండొచ్చు. మిగతావన్నీ ఆపి ఉన్నాయి మరి... ఆ టక్ సంగతేమిటో ఎవరూ చెప్పరు.

నెట్ బాగయ్యాక సలీమ్‌ని సెట్టింగు మార్చమన్నాను.

“మార్చాను సార్. పాత చిరునామా మాత్రం తియ్యలేదు. కింద ఉంచాను.”

“ఎందుకయ్యా?”

వాడు మూలకేసి చూసి గొంతు తగ్గించాడు.

“ఆయనేమన్నా అనుకుంటారేమో సార్...”