స్లాబు మీద చేపల వల

“ఆ వల తీయించెయ్యండి అత్తయ్యగారూ. లేదంటే రేపు పొద్దున్న పిల్లాణ్ణి తీసుకుని అత్తిలి వెళ్లిపోతానండి,” అంది కోడలు. “వెళ్లమ్మా. వల తీస్తే సాయంత్రం గాలికి పందిరి నీకంటే ముందే అత్తిలి చేరుతుంది,” అన్నాను నేను. “మీకు పందిరి కావాలో, మనవడు కావాలో తేల్చుకోండి మరి.” “వాడి కోసం కాకపోతే నాకెందుకే పందిరి?”

ఆ రోజుల్లో, అంటే తాడేపల్లిగూడెంలో మేం స్లాబు ఇల్లు కట్టుకున్న కొత్తలో, నా నోటికీ చేతులకీ విశ్రాంతి ఉండేది కాదు. నేను పుట్టి పెరిగింది కొల్లేటి ఒడ్డున తాటాకింట్లో. పాస్టరుగారు ప్రార్థన చేసి మమ్మల్ని కొత్తింట్లోకి పంపాక గాని తెలియలేదు, వేసవిలో స్లాబు కింద కాపురమంటే పెనం మీద అట్టులా కాలడమని. నెలల పిల్లాడికి ఒళ్లంతా చెమటకాయలు. అత్తిలిలో కోడలి పుట్టిల్లేమో చెట్ల నీడన చల్లటి పెంకుటిల్లు. వాడక్కడికి వెళ్తే వానలు పడేదాకా రాడు. వాడి బోసినవ్వు చూడందే నాకు కాఫీ దిగేది కాదు (ఆ మాట పైకి అనే మనిషిని కాను). అబ్బాయి కూలరు కొంటానన్నాడు. “కరెంటు పోయినప్పుడు దాంట్లో బట్టలు దాచుకుంటావా?” అని వాడి నోరు మూయించి, స్లాబు మీద తాటాకు పందిరి వేయించాను. గాలివానకు నిలవాలంటే కొత్త తాళ్లు కావాలన్నాడు పందిరి వేసినతను. మా తమ్ముడి చేపల చెరువుల దగ్గర పాత లాగుడు వల ఊరికే పడి ఉంటే కొత్త తాళ్లెందుకు? తమ్ముడికి మిస్డ్ కాల్ ఇచ్చి (వాడే తిరిగి చేస్తాడు), వల తెప్పించి, పందిరంతా కప్పి, అంచులు పిట్టగోడకి బిగించి కట్టించాను.

ఎండిన వల బుద్ధిగానే ఉంది. చల్లదనం కోసం మధ్యాహ్నం పందిరి మీద నీళ్లు చల్లానో లేదో, దాని వాసన లేచి కూర్చుంది. వీధిలో పిల్లులన్నీ మా మేడ మెట్లెక్కాయి. ఎదురింటి టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, “పిన్నిగారూ, మేడ మీద చెరువు తవ్వించారాండీ?” అని అడిగింది. “చేపలు పట్టిన రోజున మీకూ రెండు పంపిస్తాలెండి,” అన్నాను. కోడలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పైకొచ్చి గొడవేసుకుంది అప్పుడే.

సాయంత్రం గాలివాన రానే వచ్చింది. టీచరమ్మ వాళ్ల వంటషెడ్డు రేకు లేచి వీధి చివర పడింది. మా పందిరిలో ఈనె కూడా కదల్లేదు. గది చల్లబడింది. పిల్లాడు చేతులు చాపుకుని హాయిగా నిద్రపోయాడు. గెలిచాననుకుని నేనూ కాళ్లు చాపుకున్నాను. కానీ వాన ఆగలేదు. నానిన వల నుంచి నీళ్లు కిటికీల మీదుగా కారుతుంటే, కొల్లేటి చేపలన్నీ మా నడింట్లో కాపురం పెట్టినట్టయింది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే కంపు. “అలవాటైపోతుందిలే,” అన్నాను, ముక్కు మూసుకునే.

ఇప్పుడా మనవడు నాకంటే పొడుగు. ఆనాటి నా మొండితనం తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది.

మర్నాడు పొద్దున్న కోడలు బయల్దేరింది. “ఇన్ని సంచులతో పిల్లాణ్ణి ఒక్కదానివే ఎలా ఎత్తుకెళ్తావు?” అన్నాను. ఉన్నది ఒక్క సంచే. కోడలు దానికేసీ, నాకేసీ చూసి, “మీరూ రండి అత్తయ్యగారూ,” అంది. పిలవందే వియ్యాలవారింటికి వెళ్లకూడదు గాని, పిలిచాక వెళ్లకపోతే మర్యాదా? అత్తిలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని మనవణ్ణి ఒళ్లో వేసుకున్నాను. అబ్బాయి మాత్రం పందిరికి కాపలాగా ఇంట్లోనే ఉండిపోయాడు.