డోలు అడిగిన పేరు

మా డేవిడ్ మాస్టారికి రెండు పిచ్చులు ఉండేవి. ఒకటి జాజ్, రెండోది పాల్వంచ. మొదటిది నాకూ అంటించారు, రెండోది మాత్రం ఎప్పుడూ అర్థం కాలేదు. సికింద్రాబాద్ పెళ్ళి బ్యాండులో శాక్సోఫోన్ వాయించి బతికిన మనిషి ఆయన. ఎప్పుడో పాల్వంచ కంపెనీ కాలనీలో ఒక పెళ్ళికి వచ్చి, అడవి వైపు నుంచి డోళ్ళ మోత విన్నారట. "ఆ డోళ్ళతో ఒక్కసారి వాయించాలిరా" అని ముప్పై ఏళ్ళు అంటూనే ఉన్నారు. పోయిన డిసెంబరులో వెళ్ళిపోయారు. శిష్యుణ్ణి కదా అని సమాధి దగ్గర నన్ను వాయించమన్నారు. నా శాక్సోఫోన్ నోట్లో పెట్టుకున్నాను గానీ ఊపిరి రాలేదు. నలుగురూ చూస్తుండగా దించేశాను. తర్వాత రెండు నెలలు దాని పెట్టె మూత తియ్యలేదు. ఫిబ్రవరిలో ఆఫీసుకి రెండు రోజులు సెలవు పెట్టి పాల్వంచ బయల్దేరాను. ఆయన కోరిక తీర్చడానికి వెళ్ళానో, నా సిగ్గు పోగొట్టుకోవడానికి వెళ్ళానో అడగకండి, నాకే తెలీదు.

తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో రైలెక్కితే తొమ్మిది లోపు ఖమ్మంలో దిగాను. బస్టాండుకి నడిచే దూరమే అని ఎవరో చెబితే నమ్మి, దారి తప్పి, చివరికి రిక్షా ఎక్కాను. భద్రాచలం బస్సులు తరచుగానే ఉంటాయి, ఏదెక్కినా కొత్తగూడెం మీదుగా పాల్వంచ వస్తుంది. నలభై రూపాయల టికెట్టు, రెండున్నర గంటల ప్రయాణం. పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే పక్కాయన తుపాకీ ఏమో అన్నట్టు జరిగి కూర్చున్నాడు. కొత్తగూడెం దాటాక పవర్ హౌస్ గొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. షిఫ్టు దిగినవాళ్ళు టిఫిన్ డబ్బాలతో బస్సు ఆపుతుంటే, పాల్వంచ వచ్చేసిందని నేను ఒక స్టాపు ముందే దిగిపోయాను. ఇలాంటి తప్పులు నాకు కొత్త కాదు.

అక్కడ దొరికాడు ఆటో యాకూబ్. డోళ్ళు ఉండే ఊరికి తీసుకెళ్ళమంటే, ఏ ఊరని అడిగాడు. ఊరి పేరు మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. యాకూబ్ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, కిన్నెరసాని రోడ్డులో ఒక గూడెంలో తనకు తెలిసిన డోలు మనిషి ఉన్నాడన్నాడు. రాను పోను కిరాయి నూటయాభైకి ఒప్పుకున్నాడు. పన్నెండు కిలోమీటర్లలో సగం మంచి రోడ్డు, మిగతాది మట్టి. నా సెల్‌ఫోన్ సిగ్నల్ మట్టిరోడ్డు మొదట్లోనే సెలవు తీసుకుంది.

గూడెంలో మేం దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పాతిక ఇళ్ళు ఉంటాయేమో, చాలామంది పనులకు పోయారు. డోలు వాయించే జోగయ్య మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ముత్తయ్యకు పది రోజులుగా జ్వరమట, ఇంటి వెనక నులకమంచం మీద నిద్రపోతున్నాడు. జోగయ్య భార్య జొన్న అంబలి ఇచ్చింది. తాగుతూ జాజ్ అంటే ఏమిటో చెప్పబోయాను. సముద్రాల అవతలికి బానిసలుగా తీసుకుపోయిన ఆఫ్రికావాళ్ళ దరువు, తెల్లవాళ్ళ బ్యాండు వాయిద్యాలు ఒక రేవు పట్నంలో కలిస్తే పుట్టిన సంగీతమని, పాట ఒకటే అయినా ఒక్కొక్కరూ తమ దారిన తిరిగొచ్చి మళ్ళీ కలుస్తారని చెప్పాను. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు కాబట్టే అందరిదీ అని మాస్టారు చెప్పిన మాట కూడా చెప్పాను. జోగయ్య అంతా శ్రద్ధగా విని, ఇంతకీ నాకేం కావాలని అడిగాడు.

నీ డోలుతో కలిసి వాయించాలి అన్నాను. ఊరికే కొట్టరని, ఏదైనా పని ఉంటేనే కొడతారని అతను నసిగాడు. మొహమాటపడుతున్నాడనుకుని ఇంకాస్త బతిమాలాను. ఏ దెబ్బ కావాలన్నాడు. ఏదైనా సరే, మెల్లగా సాగేది అన్నాను.

"మెల్లగ కొట్టేది ఒక్కటే ఉన్నది సార్, కానీ అది..."

"అదే కావాలి" అన్నాను నేను.

జోగయ్య యాకూబ్ మొహం చూశాడు, ఇంటి వెనక్కి చూశాడు. మోత గూడెం దాటకుండా చిన్నగా కొడతానని ఒప్పుకుని డోలు దించాడు. నేను పెట్టె తెరిచి వాయిద్యం బిగించాను. డోలు మొదలైంది. బరువుగా, ఆగి ఆగి, ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో తెలియని దరువు. నాలుగు లెక్కపెడితే ఐదో దెబ్బ ముందే వచ్చేది, ఐదు లెక్కపెడితే ఒకటి మాయమయ్యేది. ఊదబోయాను. ఊపిరి రాలేదు, సమాధి దగ్గర లాగే. నేను ఇప్పుడు అందుకుంటాను, ఇప్పుడు అందుకుంటాను అని జోగయ్య ఎదురుచూస్తూ కొట్టాడు. కొట్టి కొట్టి, కళ్ళు మూసుకుని, చిన్నగా కొడతానన్న సంగతే మరిచిపోయాడు. గూడెంలో కోళ్ళు కూడా పక్కకు తప్పుకున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అలా అరగంటైనా గడిచాక చెట్ల మధ్య నుంచి మనుషులు రావడం మొదలైంది. ఇద్దరు, ఐదుగురు, పది మంది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. కచేరీకి జనం వస్తున్నారని నేను లోపల కాస్త పొంగిపోయాను కూడా. అందరికన్నా వెనక ఒక ముసలామె, చంకలో కొత్త తెల్లబట్టతో, గొంతెత్తి ఏడుస్తూ వచ్చింది. ఆమె ముత్తయ్య చెల్లెలు సమ్మక్క, అవతలి గూడెంలో ఉంటుంది. ఆమె ఇంటి ముందు నిలబడి అన్నను పేరు పెట్టి పిలిచి ఏడుస్తుంటే, జ్వరం మత్తులో డోలుకు కూడా కదలని ముత్తయ్య ఆ గోలకు లేచి, దుప్పటి కప్పుకుని, ఇంటి వెనక నుంచి నడిచి వచ్చాడు.

డోలు ఆగింది. యాకూబ్ నా చెవిలో చెప్పాడు. "సార్, అది చావు దెబ్బంట. ముసలాయన పోయిండనుకొని అందరు వచ్చిండ్రు."

కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. సమ్మక్క అన్న చేతులు తడిమి చూసుకుని, తర్వాత నా వైపు తిరిగి వాళ్ళ భాషలో ఐదు నిమిషాలు తిట్టింది. యాకూబ్ ఒక్క ముక్క కూడా అనువదించలేదు. జోగయ్య తల ఎత్తలేదు. లేని చావుకు డోలు మోగించిన మాట ఇక అతని మీద ఉండిపోతుంది. అది అతను చేసిన తప్పు కాదు, నేను చేయించింది. అందుకు నాకు చాలా బాధేసింది, క్షమించమని దండం పెట్టాను. ముత్తయ్య మంచం వేయించుకుని కూర్చున్నాడు. నాతో తెలుగులోనే మాట్లాడాడు.

"డోలు మోగినంక ఒక పేరు చెప్పాలె. చావుకు తెచ్చిన బట్ట మల్ల ఇంటికి తీస్కపోరు. నా పేరైతే నేను చెప్పనియ్య. నువ్వు కొట్టించినవ్, నువ్వే చెప్పు."

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది.

"డేవిడ్ మాస్టారు."

"ఏం చేసెటోడు?"

"వాయించేవారు. మీ డోళ్ళతో ఒక్కసారి వాయించాలని ముప్పై ఏళ్ళు అన్నారు."

ముత్తయ్య తలాడించాడు. "వాయించెటోడైతే మనోడే" అని, చేత్తో అందర్నీ కూర్చోమన్నాడు. వచ్చినవాళ్ళంతా నేల మీద కూర్చున్నారు. జోగయ్య మళ్ళీ అదే దెబ్బ మొదలుపెట్టాడు. ఈసారి నేను లెక్కపెట్టలేదు. ఎక్కడో ఒకచోట ఊదాను, ఊపిరి వచ్చింది. మాస్టారు నేర్పిన నిదానమైన పాట అది. డోలు దాని దారిన అది పోతూ, నన్ను మాత్రం వదిలిపెట్టలేదు. నేను వాయిస్తూ ఏడుస్తున్నానని తర్వాత యాకూబ్ చెబితే తెలిసింది.

అయ్యాక వాళ్ళకు ఒక మాట చెప్పాను. జాజ్ పుట్టిన ఆ పట్నంలో సమాధి దాకా నిదానంగా వాయిస్తూ వెళ్తారని, తిరిగొచ్చేటప్పుడు మాత్రం హుషారుగా, ఆడుతూ వస్తారని. మాస్టారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. యాకూబ్ అదంతా విప్పి చెబితే సమ్మక్క ఇందులో వింతేముందన్నట్టు చూసింది. చావుకు ఆట మా దగ్గర లేదనుకున్నవా అని అడిగింది. జోగయ్య దెబ్బ మార్చాడు. కన్నీళ్ళు తుడుచుకోని మొహంతోనే ఆమె అందరికన్నా ముందు ఆటకు లేచింది. నేను ఎక్కడెక్కడో తప్పి, మళ్ళీ అందుకుని వాయించాను. ఐదింటికి బయల్దేరి, పాల్వంచలో యాకూబ్ దింపితే బస్సెక్కి, గంటలో భద్రాచలం చేరి సత్రంలో పడుకున్నాను. మర్నాడు దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కాను.

మేం వాయించింది జాజ్ అవునో కాదో చెప్పలేను. సంస్కృతులు కలవడమంటే వేదిక మీద రంగుల దీపాల కింద జరిగేదనుకున్నాను. ఇక్కడ ఒక అబద్ధపు చావు కబురు కలిపింది. బట్ట వెనక్కి తీసుకుపోరు కాబట్టి సమ్మక్క దాన్ని నా పెట్టెలో, శాక్సోఫోన్ కింద మడిచి పెట్టింది. ఆదివారం వెళ్ళి మాస్టారి సమాధి మీద పరిచి వచ్చాను.

ఆ వైపు వెళ్ళేవారికి ఒకే ఒక సూచన. డోలు కొట్టమనే ముందు ఏ దెబ్బ దేనికో అడగండి. అవతలి మనిషి "కానీ" అన్నప్పుడు ఆ మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకోండి. నేను మూసుకోలేదు. మూసుకుని ఉంటే మా మాస్టారికి ఆ బట్ట దక్కేది కాదు. ఇందులో నీతి ఏమిటో నాకింకా తెలీదు.