క్యాలెండరు మీద రెండు రంగుల చుక్కలు

రెండు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున పక్కింటి అత్త పోయిందని వాళ్లమ్మాయి గోడ మీంచి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. రోజూ ఆ వేళకి ఆ గోడ దగ్గర నిలబడేది అత్తే. అందుకేనేమో, ఆ మాట నా బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది.

కంచరపాలెంలో మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. ఆరేళ్ల కిందట నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలినప్పుడు, అత్త గోడ అవతల నుంచి తన చేతులు చాపి చూపించింది. అదే జబ్బు ఆమెకి నాకంటే పదిహేనేళ్లు ముందే వచ్చింది. నేను బడిలో పంతులమ్మని. సుద్దముక్క పట్టుకోలేక ఉద్యోగం వదిలేద్దామనుకుంటున్న రోజులవి. "ఉజ్జోగం మానేత్తే నొప్పి మానేత్తదేటి? ముందు అదెందుకొత్తందో కనిపెట్టు," అంది.

అత్త కనిపెట్టేది వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరుతో. కీళ్లు వాచిన రోజు గడిలో ఎర్ర చుక్క పెట్టి, పక్కన కారణం రాసేది. చలి, ముసురు, ఒకప్పుడు వంకాయ. నొప్పి లేని రోజు గడి ఖాళీ. అందులోనే నాకు నీలం చుక్కలు మొదలుపెట్టింది. నేను బడికి బయల్దేరే ముందు గోడ దగ్గర హాజరు పలకాల్సిందే. "పిల్లా, గుప్పిట మూసుకుంటందేటి?" మూసుకోకపోతే నిన్నంతా ఏం చేశానో చెప్పేదాకా వదిలేది కాదు. విసుగొచ్చి, ఇదేమన్నా పోలీసు స్టేషనా అని కూడా అన్నాను. ఆర్నెల్లకి నా దొంగ దొరికాడు. రెండు మూడు రోజులు నిద్ర చాలకపోతే చాలు, నీలం చుక్క పడేది.

ఆమె దొంగ మాత్రం దొరకలేదు. ఏటా మార్గశిరం రాగానే మంచం పట్టేది. సముద్రపు గాలి పడదని కిటికీలు మూసేసింది. వాతమని వంకాయ మానేసి తొమ్మిదేళ్లయింది. ఒక ఆదివారం అటక మీంచి పాత క్యాలెండర్లు దింపించి, ఇద్దరం నేల మీద పరుచుకుని కూర్చున్నాం. ఏ ఏడు చూసినా ఎర్ర చుక్కలు కార్తీకం ఆఖర్లో మొదలవుతున్నాయి. ఈ జబ్బుకి ఆమె వారానికోసారి వేసుకునే మాత్ర సోమవారం మాత్ర.

"కార్తీక సోమవారాలు మాత్ర ఎప్పుడేసుకుంటావత్తా?" అన్నాను.

"ఉపోసం నాడు మాత్రేటే? పరగడుపున..." అంటూనే ఆగిపోయింది. నాలుగు వారాలూ మాత్ర లేదన్నమాట. ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి వెనక్కి సోమవారాలు లెక్కపెట్టింది. "దేవుడు అడగనేదు. నానే మానేసాను."

డాక్టరుగారిని అడిగి మాత్రని బుధవారానికి మార్చుకుంది. ఆ వారమే గుత్తొంకాయ వండి గోడ మీంచి గిన్నె అందించింది. "తొమ్మిదేళ్లు దీని మీద నింద ఏసేసానే," అని నవ్వింది. తర్వాతి మార్గశిరంలో నొప్పులు అసలు రాకపోలేదు గానీ మంచం మాత్రం పట్టలేదు. ఎవరైనా నాకు పథ్యాలు చెప్పబోతే, "ఒకరి ఒంటి కారణం ఇంకొకరికి సరిపోదు," అని అడ్డుకునేది. నేను ఇవాళ్టికీ బోర్డు మీద రాస్తున్నానంటే ఆమె చలవే. ఆ మాట ఆమెతో ఒక్కసారైనా అనలేదు.

దినకార్యాలయ్యాక వాళ్లమ్మాయి ఆ క్యాలెండరు చుట్టి నా చేతికిచ్చింది. ఆ మంగళవారం నుంచి గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. అత్త పద్ధతిలో ఖాళీ గడంటే నొప్పి లేని రోజు.

ఆమె పోయిన మూడో రోజు నా రెండు చేతులూ వాచిపోయాయి. ఇప్పుడు నీలం పెన్ను తీసి ఆ గురువారం గడిలో చుక్క పెట్టాను. కారణం రాయకపోతే ఆమె ఊరుకోదు. పక్కనే, ఇంకా సరిగ్గా మూసుకోని వేళ్లతో, 'అత్త' అని రాశాను.